అనపకాయకు ఓవర్‌టైమ్ అని పేరు పడిన శనివారం

ఆ రోజుల్లో చలికాలం వచ్చిందని బెంగుళూరులో ఎవరూ క్యాలెండర్ చూసి చెప్పేవారు కాదు. వీధి చివర టార్పాలిన్ పరిచి, దాని మీద అనపకాయలు గుట్టగా పోసి, చుట్టూ నలుగురు ఆడవాళ్లు గొంతుక్కూర్చొని ఒక్కొక్క కాయనూ ముక్కు దగ్గర పెట్టుకొని చూస్తుంటే చలికాలం వచ్చినట్టు. (కోస్తా వైపు పాఠకులు ఇక్కడ కొంచెం ఆగాలి. మీ వైపు ఆనపకాయ అంటే సొరకాయ. నేను చెప్పేది చిక్కుడు జాతి కాయ, కన్నడంలో అవరేకాయ అంటారు. సొరకాయతో ఈ కథ నడవదు, సొరకాయను ఎవరూ పితకరు.) మంచు పట్టిన కాయకు నూనెలాంటి జిగటా, దానికొక ఘాటైన వాసనా ఉంటాయి. దాన్ని ఇక్కడ సొగడు అంటారు. అది వేళ్లకు అంటిందంటే ఒక పట్టాన సబ్బుకు లొంగదు. బస్సులో పక్కన నిలబడ్డ మనిషి పైకమ్మీ పట్టుకోవడానికి చెయ్యెత్తితే చాలు, వాళ్లింట్లో నిన్న ఏం వండారో మనకు తెలిసిపోయేది.

ఈ కాయకు ఆనేకల్ నుంచి జిగణి దాకా, ఫ్యాక్టరీ గేట్ల ముందు, ఇంకో పేరుంది. ఓవర్‌టైమ్. "కేజీ ఓవర్‌టైమ్ వెయ్యన్నా" అంటే అమ్మేవాడు మారు మాట్లాడకుండా అనపకాయలు తూస్తాడు. పోయిన చలికాలంలో మా అక్క కొడుకు, హూడిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కుర్రాడు, ఆ పేరు ఎలా వచ్చిందో నాకే వివరించాడు. "ఒలవడానికి చాలా టైమ్ పడుతుంది కదా మామా, అందుకని ఓవర్‌టైమ్. సింపుల్ లాజిక్." కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. లాజిక్కు కాదు నాయనా, అక్కడున్నవాణ్ణి నేను! ఆ పేరు పుట్టిన నోటికి రెండు గజాల దూరంలో, చేతిలో స్టీలు బేసిన్ పట్టుకొని నిలబడ్డవాణ్ణి! వాడికి ఫోన్ రావడంతో నా కథ ఆగిపోయింది. మీకు ఫోన్ వచ్చినా కాసేపు ఎత్తకండి.

అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. జిగణిలో కరెంటు స్విచ్చులు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీలో స్టోర్స్ హెల్పర్ని. పదో తరగతితో బడి ఆగిపోయింది కానీ లెక్కలు ఆగలేదు. పాత పుస్తకాల బండి మీద దొరికిన అంకగణితాలన్నీ తెచ్చి ఒంటరిగా కుస్తీ పట్టేవాణ్ణి. దాంతో ప్రపంచంలో ప్రతిదీ నాకు భాగహారంలా కనిపించేది. బస్సు దిగేలోపు అందులో ఎంతమంది ఎక్కారో, ఎంతమంది దిగారో చెప్పేవాణ్ణి (ఎవరూ అడిగేవారు కాదు). ఫ్యాక్టరీలో అందరూ నన్ను లెక్కప్ప అనేవారు. ఆ పేరు పెట్టింది మా చిన్నత్త, మా నాన్న చెల్లెలు. స్విచ్చులు బిగించే బెల్టు దగ్గర మొదటి కుర్చీ ఆమెదే, నన్ను పనిలో పెట్టించిందీ ఆమే. అందుకని నన్ను ఎగతాళి చేసే హక్కు తన ఒక్కదానికే ఉందని ఆమె గట్టి నమ్మకం.

క్యాంటీన్ నడిపేది సారక్క. అంటే పేరు అది కాదు. ఆమె చేసే చారును, అదే మా వైపు సారును, ఒకసారి తాగినవాళ్లు అసలు పేరు అడగడం మర్చిపోయేవారు. ఇద్దరు ఆడబిడ్డలను, అంటే మొగుడి చెల్లెళ్లను, తోడు పెట్టుకొని నూటిరవై మందికి వండేది. ఆ ముగ్గురి ఇళ్లూ ఆ పొయ్యి మీదే నడిచేవి. ఒక బుధవారం మధ్యాహ్నం మా దొడ్డ సారు, అంటే ఫ్యాక్టరీ యజమాని, క్యాంటీన్‌లోకి వచ్చాడు. పాత బెంగుళూరు పేట వ్యాపారుల ఇంటి మనిషి, మన తెలుగే మాట్లాడేవాడు. చెడ్డ వార్త చెప్పేటప్పుడు ఆయన గొంతు మరీ మెత్తబడేది. నేను మూలన అన్నం తింటూ విన్నాను.

"అక్కా, నీ సారు బాగుండాది, కాదనను. కానీ రోజూ అదే సారు, అదే అన్నం. సిటీలోంచి పెద్ద కేటరింగ్‌వాళ్లు వచ్చి పోయినారు. రోజుకొక రకం చేస్తామంటా ఉండారు."

సారక్క గరిటె కింద పెట్టలేదు. "శనివారం దాకా ఆగండి సార్. పితికిపప్పు పెడతా."

గుమ్మం దాకా వెళ్లిన మనిషి వెనక్కి తిరిగాడు. అనపగింజలను రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే ఒక్కొక్క గింజనూ రెండు వేళ్ల మధ్య పట్టి నొక్కితే పైతోలు చేతిలో మిగిలి లోపలి పప్పు బయటికి దూకుతుంది. అదే పితికిపప్పు. దాంతో పులుసు చేసి, రాగి ముద్దతో పెడితే, ఇక్కడి మనిషి తిన్నంతసేపూ మాట్లాడడు.

"పితికిపప్పా! మా అవ్వ పోయినాక మా ఇంట్లో ఆ మాటే లేదక్కా. ఇప్పుడు ఎవరు కూర్చొని పితకతారు?"

"నేను పితకతా సార్. మీకొక్కరికే కాదు, అందరికీ పెడతా."

"నూటిరవై మందికా?"

"నూటిరవై మందికే."

"సరే. శనివారం నేనూ వాళ్ల పక్కనే కూర్చొని తింటా. ఆమీద చూద్దాం."

ఆయన వెళ్లిపోయాక సారక్క నెమ్మదిగా నావైపు తిరిగింది. "రేయ్ లెక్కప్పా, నేనేమంటిని రా ఇప్పుడు?"

నా జీవితంలో నన్ను ఎవరో లెక్క అడగడం అదే మొదటిసారి! తింటున్న ముద్ద వదిలేసి లేచాను. ఆ సాయంత్రమే ఇంట్లో ఒక గుప్పెడు గింజలు నానబెట్టించి, పొద్దున చేతి గడియారం ఎదురుగా పెట్టుకొని పితికాను. సెకనుకు ఒక గింజ! గురువారం క్యాంటీన్ గోడ మీద సుద్దముక్కతో రాసి మరీ చూపించాను. మనిషికి వంద గింజలు, అంటే మొత్తం పన్నెండు వేలు. పితికేవాళ్లు అక్క, ఇద్దరు ఆడబిడ్డలు, నేను. నలుగురం నిమిషానికి రెండు వందల నలభై. "గంట కూడా పట్టదక్కా. యాభై నిమిషాలు."

"నిజమేనా అప్పా? ఇంకో నలుగురిని పిలవల్లనా?"

"వద్దక్కా, లెక్క సరిగ్గా ఉంది."

లెక్క సరిగ్గానే ఉంది. ఇప్పటికీ ఆ గుణకారంలో తప్పు పట్టలేరు. నేను చూసుకున్నది ఒక్క గుప్పెడు. అదీ మొదటి గుప్పెడు, ఉత్సాహం మీద ఉన్న మొదటి గుప్పెడు. గింజ గింజకూ వేలు నాని ముడతలు పడుతుందనీ, తడి గింజ పిటుక్కున జారి పొయ్యి వెనక్కి పోతే వంగి తీయాలనీ, ముగ్గురు ఆడవాళ్లు ఒక గిన్నె చుట్టూ కూర్చుంటే మాట్లాడుకోకుండా ఉండరనీ ఏ అంకగణితంలోనూ రాయలేదు. శుక్రవారం గింజలు ఒలిచి నానబెట్టి, శనివారం పొద్దున పని మొదలుపెట్టిన కాసేపటికే నా బొటనవేలు నాది కాకుండా పోయింది. సెకనుకు ఒకటి అనుకున్నది మూడు సెకన్లకు ఒకటి అయింది, తర్వాత ఐదు. చిన్న ఆడబిడ్డ పితికిన గింజ ఒకటి ఎగిరి సరిగ్గా నా చెవిలోకి వచ్చింది. ముగ్గురూ నవ్వడానికి చేతులు ఆపారు. ఆ నవ్వుకు ఎన్ని గింజలు నష్టమో నేను మనసులో లెక్క వేస్తున్నాను.

టీ బెల్లు కొట్టేసరికి మూడు గంగాళాల్లో ఒక గంగాళం మాత్రమే అయింది. సారక్క ఒకసారి గోడ మీద నా సుద్ద అంకెలు చూసి, మళ్లీ తల వంచుకొని పితకసాగింది. అదే భరించలేకపోయాను. 

అప్పుడు టీ గ్లాసుతో వచ్చింది మా చిన్నత్త. గంగాళాలు చూసింది, నన్ను చూసింది, గోడ చూసింది.

"ఏం అల్లుడా, గంటలో అయిపోతాదంటివే. యా ఊరి గంట రా అది?"

"అత్తా, ఇప్పుడు కాదు."

"ఇప్పుడు కాకపోతే ఎప్పుడు రా? దొడ్డ సారు వచ్చి కూర్చున్నాకనా?" అని గ్లాసు అక్కడే పెట్టేసి, రెండు గింజలు తీసుకొని పుటుక్కు పుటుక్కుమని పితికింది. ఒక్కసారి ఆగి తన బొటనవేలు చూసుకుంది. "ఒసే సారక్కా! దినమంతా మేము చేసేది ఇదే గదే! స్ప్రింగును బొటనవేలితో లోపలికి నొక్కుతాము. దీన్ని బయటికి నొక్కల్ల, అంతేగా!"

ముప్పై మంది ఆడవాళ్లు, అరవై బొటనవేళ్లు, కదిలే బెల్టు! నా తల గిర్రున తిరిగింది. ఈసారి భాగహారం నోట్లోకి వచ్చినా మింగేశాను.

అడ్డం ఒక్కటే, విజిల్ సార్. మా షిఫ్టు సూపర్‌వైజర్. మెడలో ఎప్పుడూ విజిల్ వేలాడుతుండేది. పని మొదలు పెట్టాలన్నా, ఆపాలన్నా, ఆఖరికి క్యాంటీన్‌లో ఉప్పు అడగాలన్నా అదే ఊదేవాడు. కన్నడ మనిషి, మా కోసం తెలుగు కలిపి మాట్లాడేవాడు. సంగతి వినగానే కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు.

"ఏనమ్మా, ఇది స్విచ్ ఫ్యాక్టరీనా, అవరేకాయ ఫ్యాక్టరీనా? ప్రొడక్షన్ నిలిపేది లేదు. ఆగల్ల, ఆగల్ల!" అన్నాడు, కన్నడంలో కుదరదని.

"నిలపొద్దు సార్," అంది చిన్నత్త. "మధ్యాహ్నం ఊటం దాకా కొట్టాల్సిన టార్గెట్టు అరగంట ముందే కొట్టేస్తే, ఆ అరగంట ఎవరిది?"

"కంపెనీది."

"కంపెనీ ఊటానికే గదా సార్ పితికేది? మీరు తినరా?"

విజిల్ సార్ మెడలోని విజిల్ తాడును వేలికి చుట్టి విప్పాడు. ఆయనకూ పితికిపప్పు అంటే ప్రాణమని తర్వాత తెలిసింది. "టార్గెట్ ఫస్ట్," అన్నాడు చివరికి. "ఒక్క పీస్ తగ్గినా నేను మీ పక్క ఉండను."

ఆ తర్వాత జరిగినదాన్ని పని అనను, తిరునాళ్ల అంటాను! బెల్టు వేగం పెంచారు. స్ప్రింగుల డబ్బాలు మోస్తూ స్టోర్స్‌కూ లైనుకూ మధ్య నేను పరిగెత్తిన పరుగు మళ్లీ జీవితంలో పరిగెత్తలేదు. "స్ప్రింగ్!" అని ఒకామె, "స్క్రూ!" అని ఇంకొకామె, "లెక్కప్పా, చచ్చినావా యాడన్నా!" అని చిన్నత్త. మామూలు రోజుల్లో ఇంటి కష్టాలు చెప్పుకొనే లైనంతా నోరు మూసుకొని టకటకా టకటకా కొడుతోంది. ఆఖరి ట్రే నిండగానే విజిల్ సార్ స్వయంగా లెక్కపెట్టుకొని, ఊపిరి నిండా పీల్చి విజిల్ ఊదాడు. అరగంట కంటే కొంచెం ఎక్కువే మిగిలింది!

బెల్టును సబ్బునీళ్లతో రెండుసార్లు కడిగాం. (ఈ వాక్యం రాయకపోతే చిన్నత్త నన్ను ఇంట్లోకి రానివ్వదు.) ఒక వైపు నుంచి నానిన గింజల బేసిన్లు బయలుదేరాయి. కుర్చీ కుర్చీ దగ్గరా తలా ఒక పిడికెడు తీసుకోవడం, పితకడం, తోలు ఒళ్లో తువ్వాల మీద, పప్పు వెనకాలే వచ్చే బేసిన్లో. ముప్పై మంది కలిసి పితికితే వచ్చే చప్పుడు మీరు విని ఉండరు. సన్నటి వాన రేకు మీద పడుతున్నట్టు ఉంటుంది. గింజలు గాల్లో ఎగురుతున్నాయి. ఒకటి ఫ్యాను రెక్కకు తగిలి పేలినంత పనైంది. తిట్లు, కేకలు, నవ్వులు. బేసిన్ నిండినప్పుడల్లా విజిల్ సార్ ఉత్సాహం ఆపుకోలేక విజిల్ ఊదుతున్నాడు, నేను దాన్ని ఎత్తుకొని క్యాంటీన్‌కు పరిగెత్తుతున్నాను, అక్కడ సారక్క మసాలా నూరుకొని, పొయ్యి మీద ఎసరు పెట్టుకొని నా బేసిన్ కోసం గుమ్మంలో నిలబడి ఉంది. ఇంకొక్క గంగాళంలో సగం ఉంది. అయిపోతుంది, అయిపోతుంది, అనుకుంటున్నాను.

అప్పుడు ఫ్లోరు తలుపు తెరుచుకుంది. భోజనానికి రావాల్సిన దొడ్డ సారు, ముందుగా వచ్చి, ఆఫీసు వైపు నుంచి కాకుండా మా వైపు నుంచి వచ్చాడు!

ముప్పై జతల చేతులు ఆగిపోయాయి. ఆగనిది బెల్టు ఒక్కటే. దాన్ని ఆపాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. నిండుగా పితికిపప్పు ఉన్న ఒక బేసిన్, పల్లకిలాగా, తొందరేమీ లేకుండా, అందరి కళ్ల ముందునుంచీ సాగిపోయి సరిగ్గా దొడ్డ సారు నిలబడ్డ కొసకు చేరింది. నేను దాన్ని అందుకొని, ఎటు పోవాలో తెలియక, అక్కడే పట్టుకొని నిలబడ్డాను.

"ఏమిటిది?" అన్నాడాయన, విజిల్ సార్‌ను చూసి.

విజిల్ సార్ నోరు తెరిచాడు. నోట్లో విజిల్ ఉంది కాబట్టి ముందు పీప్ మని చిన్న శబ్దం వచ్చింది. దాన్ని తీసేశాడు. టార్గెట్ అయిపోయిందని చెప్పొచ్చు, క్యాంటీన్ సంగతి చెప్పొచ్చు, నిజం చెప్పొచ్చు. కానీ ఇరవై ఏళ్ల ఫ్యాక్టరీ జీవితంలో, మామూలు పని కానిది ఏదైనా కనిపిస్తే యజమానికి చెప్పే మాట ఒక్కటే ఆయనకు అలవాటు.

"ఓవర్‌టైమ్ సార్!"

మిట్టమధ్యాహ్నం, షిఫ్టు నడిమధ్యన, ఓవర్‌టైమ్!

"ఏది ఓవర్‌టైమ్?"

విజిల్ సార్ వేలితో నా చేతిలోని బేసిన్ చూపించాడు. "ఇదే సార్."

"ఇది ఓవర్‌టైమా?"

"హౌదు సార్. ఇదే ఓవర్‌టైమ్."

 నా కళ్ల ముందు సారక్క, ఆమె ఇద్దరు ఆడబిడ్డలు, చల్లారిన పొయ్యి. గుమ్మం దగ్గర అలికిడైతే తల తిప్పాను. బేసిన్ ఎంతకీ రాకపోయేసరికి సారక్క తనే వచ్చింది. ఏం జరిగిందో అర్థమై కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నిలబడిపోయింది.

దొడ్డ సారు బేసిన్లోకి చూశాడు. తర్వాత బెల్టు పక్కకు వచ్చి, "జరుగమ్మా కొంచెం," అని చిన్నత్త పక్క స్టూలు మీద కూర్చున్నాడు. చొక్కా చేతులు మడుచుకున్నాడు. ఒక గింజ తీసుకొని, రెండు వేళ్ల మధ్య పెట్టి, బలంగా నొక్కాడు. ఆ గింజ తుపాకీ గుండులా పోయి విజిల్ సార్ కళ్లద్దాలకు టక్కున కొట్టుకుంది.

నవ్వొచ్చా, నవ్వకూడదా? లైనంతా ఆయన ముఖమే చూస్తోంది.

"మా అవ్వ ఉండింటే వీపు మీద ఒకటి వేసుండేది," అన్నాడు దొడ్డ సారు. "చిన్నప్పటినుంచీ ఇంతే, నాకు పితకను రానే రాదు."

"ఆ వేలు అట్ల కాదు సార్, ఇట్ల," అంది చిన్నత్త. యజమాని వేలు పట్టుకొని సరిచేసింది! అప్పుడు పగిలింది నవ్వు. విజిల్ సార్ కళ్లద్దాలు తుడుచుకుంటూ అందరికంటే గట్టిగా నవ్వాడు, ఉద్యోగం నిలిచిన మనిషి నవ్వినట్టు. మిగిలిన సగం గంగాళం ఎప్పుడు అయిపోయిందో కూడా నాకు గుర్తులేదు.

భోజనం కొంచెం ఆలస్యమైంది కానీ ఒక్కరూ అడగలేదు. దొడ్డ సారు మా మధ్య బెంచీ మీద కూర్చున్నాడు. మొదటి ముద్ద తుంచి, పులుసులో అద్ది, మింగి, కళ్లు మూసుకున్నాడు. ఏమీ అనలేదు. రెండో ముద్ద అడిగాడు. ఏమీ అనలేదు. సారక్క స్తంభం వెనకాల నిలబడి, ఆయన వైపు చూడకుండా నా వైపే చూస్తోంది, నా ముఖంలో జవాబు కనిపిస్తుందేమోనని. ఆయన లేచి, చెయ్యి కడుక్కొని, తుడుచుకుంటూ గుమ్మం దాకా వెళ్లాడు. పోయింది, ఆ కేటరింగ్‌వాళ్లకే, అనుకున్నాను. అక్కడ ఆగి అడిగాడు.

"అక్కా, సోమవారం ఏం సారు?"

సారక్క స్తంభం చాటు నుంచి బయటికి వచ్చింది. పెద్ద ఆడబిడ్డ చెప్పింది, "హెసరుకాళ్ల సారు సార్!" అని. పెసర్ల సారు అన్నమాట. ఆయన తలూపి వెళ్లిపోయాడు. అంతే, ఇంక కేటరింగ్ ఊసు ఎత్తలేదు.

ఆ సాయంత్రం షిఫ్టు వదలగానే లైను ఆడవాళ్లు గేటు ముందు కాయలమ్మే ఆయన చుట్టూ మూగి, "ఎట్లన్నా కేజీ ఓవర్‌టైమ్?" అని అడిగి, ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. ఆయనకు ఏమీ అర్థం కాలేదు కానీ బేరం బాగా సాగింది. మరుసటి వారం ఆయనే "ఓవర్‌టైమ్, ఓవర్‌టైమ్!" అని అరవడం మొదలుపెట్టాడు. పక్క ఫ్యాక్టరీలవాళ్లు విన్నారు, ఆనేకల్ బస్సులో ఆ మాట ప్రయాణం చేసింది. ఎవరింట్లో దిగిందో, ఎవరి నోట పెరిగిందో, ఆ లెక్క మాత్రం నా దగ్గర లేదు. (విజిల్ సార్‌కు ఆ ఘనత దక్కలేదు. దక్కాలని ఆయన కోరుకోనూ లేదు.)

సోమవారం పొద్దున స్టోర్స్ తాళం తీస్తుంటే సారక్క పిలిచింది. ముఖం చాటేద్దామనుకున్నాను, వీల్లేకపోయింది. పెసర్ల బస్తా ముందు కూర్చొని ఉంది. "లెక్కప్పా, నూటిరవై మందికి ఎన్ని టెంకాయలు కావల్లప్పా?" అంది. అంత జరిగాక కూడా నన్నే అడుగుతోంది! నాలో ఏదో పొంగింది. కళ్లు మూసుకొని, మనిషికి ఇంత తురుమని వేసుకొని, "పది చాలక్కా" అన్నాను. ఆమె గంభీరంగా తలూపి, లోపలికి తిరిగి ఆడబిడ్డతో, "పాపా, ఇరవై కొట్టు" అని కేకేసింది.

ఆమె క్యాంటీన్ నడిపినన్నాళ్లూ అదే పద్ధతి. ఏ వంట చేసినా ముందు నన్ను అడిగేది, నేను చెప్పేవాణ్ణి, ఆమె రెండింతలు చేసేది, సరిగ్గా సరిపోయేది. ఇరవై ఏళ్ల ఆ కుర్రాడు మాత్రం తన లెక్క మీదే నూటిరవై మంది తింటున్నారని రొమ్ము విరుచుకొని తిరిగేవాడు. తర్వాత చాలామంది పెద్దపెద్దవాళ్లకు లెక్కలు చెప్పి బతికాను. నా లెక్క సరిగ్గా ఉంటుందని నమ్మి అడిగినవాళ్లే అందరూ. తప్పుతుందని అంత గట్టిగా నమ్మి, అయినా రోజూ పిలిచి అడిగిన మనిషి మళ్లీ దొరకలేదు.